మొక్కు నాది, చెయ్యి ఆమెది

గది ఎవరి పేరున రాయాలన్న దగ్గర మొదటి పేచీ వచ్చింది.

హోటలు కరీంనగర్ బయట, బైపాస్ రోడ్డు మీద ఉంది. చుట్టూ హద్దురాళ్లు పాతిన ఖాళీ ప్లాట్లు, అవతల ఒక కార్ల షోరూము. ఇదే పేరు, ఇదే రంగు, ఇవే తలుపులు ఉన్న హోటళ్లు ఇంకా చాలా ఊళ్లలో ఉన్నాయట. రోహిణి ఎండల్లో బోథ్ అవతలి మా మండలం నుంచి పొద్దున బయలుదేరి, నిర్మల్, జగిత్యాల దాటుకుంటూ వచ్చి మధ్యాహ్నం దాని ముందు దిగాం. అద్దాల తలుపు దానంతట అదే పక్కకు జరిగింది. లోపలి చలి ఒంటికి తగిలేసరికి మాతో వచ్చిన లింగవ్వ కొంగు తలమీదికి లాక్కుంది.

బల్ల వెనక ఒక అమ్మాయి నిలబడి ఉంది. నవ్యశ్రీ అని కోటు మీద పేరు ఉంది. మమ్మల్ని తోలుకొచ్చిన కుమార్ ఆమెతో అన్నాడు:

"ఈ రూము నాగయ్య పేరు మీద రాయి."

"బుకింగు బాలలక్ష్మి గారి పేరు మీద ఉంది సార్."

"బాలలక్ష్మి ఈమెనే. ఆమె పెనిమిటి ఈయన. పేరు ఈయనది రాయి."

"మెంబర్ల పేర్ల మీదనే చేయించిండ్రు సార్. మార్చాలంటే మల్ల హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చెయ్యాలె."

కుమార్‌కు అంత ఓపిక లేదు. "ఎవలదైతేంది, తాళం ఇయ్యి" అన్నాడు. నవ్యశ్రీ తాళం బదులు ఒక కార్డు తీసింది. నేను చెయ్యి చాచాను. ఆమె నా చెయ్యి దాటించి కార్డును మా ఇంటామె చేతిలో పెట్టింది.

మేం అక్కడికి ఎందుకు పోయామంటే, అది క్యాంపు. మా మండలంలో ఎంపీటీసీలు తొమ్మిది మంది. మండలాధ్యక్షురాలు ఎవరన్నది ఆ తొమ్మిది మందే చేతులెత్తి తేల్చాలి. ఓంప్రకాశ్ వైపు లింగవ్వతో కలిపి నలుగురు, అవతలి వైపు నలుగురు గెలిచారు. ఏ పార్టీ లేకుండా మా ఊరి మహిళా సంఘం నిలబెడితే గెలిచింది మా బాలలక్ష్మి ఒక్కతే. ఆమె చెయ్యి ఎటు లేస్తే కుర్చీ అటు. ఊరికే ఉంటే సగం సగమై చీటీ వేసి తీస్తారు. అందుకని లెక్కింపు అయిన సాయంత్రమే ఓంప్రకాశ్ బండి మా వాకిట్లో ఆగింది. గెలిచినవాళ్లను అవతలివాళ్లు తన్నుకుపోకుండా దూరాన దాచిపెట్టి, ఎన్నిక నాటి పొద్దున నేరుగా ఆఫీసు మెట్ల దగ్గర దింపడం మా దగ్గర రివాజు.

ఓంప్రకాశ్‌కు రెండు జిన్నింగు మిల్లుల్లో వాటా ఉంది. ఈసారి అధ్యక్ష పదవి ఆడవాళ్లకు వచ్చింది గనక తన భార్య పద్మలతను గెలిపించుకున్నాడు. ఆయన మా వాకిట్లో మంచం మీద కూర్చుని, "నాగన్నా, నువ్వు మా దిక్కే గద" అన్నాడు. నేను ఏమీ అనలేదు. నేను మామూలుగానే ఏమీ అనను. "నాగన్న ఊకున్నడంటే ఒప్పుకున్నట్టే" అని ఆయన నవ్వి లేచాడు. బాలలక్ష్మి గడపలో నిలబడి ఉంది. ఆయన బండి దగ్గరికి పోయాక, "పోదాం పా. ఏందో చూద్దాం" అంది.

హోటల్లో గదుల్లోకి పోకముందే కుమార్ ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని మా మగవాళ్ల ఫోన్లన్నీ జమ చేశాడు. అవతలివాళ్లు ఫోన్లు చేసి మనసు మారుస్తారని భయం. నా దగ్గర ఫోను లేదు. మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ బాలలక్ష్మి సంచిలో ఉంది. అతను ఆమెను అడగలేదు. మేం చెప్పలేదు.

గదిలో ఆమె చాలాసేపు మంచం మీద కూర్చోలేదు. తెల్లటి దుప్పటిని చేత్తో తడిమి, కింద గోడకు ఆనుకుని కూర్చుంది. కిటికీ మొత్తం ఒకటే అద్దం. తెరిచే పిడి లేదు. బయట ఎండ మండుతోంది, లోపల చలికి కాళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇంతలో మంచం పక్కన ఫోను మోగింది. నేను ఎత్తాను.

"బాలలక్ష్మి మేడం ఉన్నారా?"

"నేను ఆమె పెనిమిటిని."

"మేడంకు ఇవ్వండి సార్."

ఆమె రిసీవరును రెండు చేతులతో పట్టుకుని విన్నది. "ఆఁ... ఆఁ... వద్దు బిడ్డా" అని పెట్టేసింది.

"ఏమంటున్నది?"

"ఏసీ ఎక్కువైందా, తక్కువైందా అని అడిగింది. ఇంకో దిండు గావాల్నా అన్నది."

"వద్దన్నవా?"

"అలవాటుల వద్దన్న. ఫోను పెట్టినంక కావాలనిపిచ్చింది."

ఆ మాట అని తనలో తాను నవ్వుకుంది. కాసేపాగి లేచి, ఫోను ఎత్తి ఎట్లా నొక్కాలో వెతికింది. దిండు వచ్చింది.

పొద్దున్నే లేచి పక్క సర్దేసేది. గదులు ఊడ్చే ఆమె వచ్చి, "అక్కా, మీరే చేసుకుంటె నేను పని జేస్తలేనని మా సారు అనుకుంటడు" అంది. అప్పటినుంచి బాలలక్ష్మి కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇంకొకామె తన పక్క దులపడం చూసేది. ఆమె మొహంలో సంతోషం కాదు, ఇబ్బందీ కాదు. లెక్క కుదరని మనిషిలా చూసేది.

కింద టిఫిన్ల గదిలో మందుల కంపెనీ వాళ్లు టైలు కట్టుకుని తినేవాళ్లు. దుబాయి నుంచి వచ్చిన ఒక కుటుంబం తాళ్లు కట్టిన పెట్టెలను కుర్చీ పక్కనే పెట్టుకుని తినేది. మా మగవాళ్లం ఒక బల్ల దగ్గర, ఆడవాళ్లు ఒక బల్ల దగ్గర. ఇడ్లీలు పుట్టగొడుగులంత ఉండేవి. లింగవ్వ వాటిని పళ్లెం నిండా పేర్చుకుని, "గివ్వి కోడిపిల్లల కోసం జేసిండ్రా" అనేది. పద్మలత మా ఆడవాళ్ల బల్ల చివర కూర్చుని ఎవరితో మాట్లాడకుండా తినేది. జిన్నింగు మిల్లు దొరసాని గదా, గీర అనుకున్నారందరూ. నేనూ అట్లానే అనుకున్నాను.

ఒక సోమవారం ఓంప్రకాశ్ మమ్మల్నందరినీ వేములవాడ తీసుకుపోయాడు. రాజన్నకు కోడె మొక్కు చెల్లిస్తే ఇక ఎవరూ మాట తప్పరని ఆయన నమ్మకం. కోడెను పగ్గం పట్టి గుడి చుట్టూ తిప్పి, తెచ్చి కట్టేసి మొక్కుతారు. ఆ మొక్కు మీద తప్పిన మనిషిని నేను వినలేదు.

రాతి గచ్చు కాళ్లు కాలుస్తోంది. జనం వరసలో కోడె గిట్టలు జారుతున్నాయి. ఓంప్రకాశ్ చెమట తుడుచుకుంటూ, "ఒక్కొక్క ఇంటి తరఫున ఒక్కలు పగ్గం పట్టుండ్రి" అన్నాడు. మొదట ఆయనే పట్టాడు. పద్మలత వెనక నడిచింది. తర్వాత మరో ఇద్దరు సభ్యురాళ్ల మగవాళ్లు పట్టారు. నా వంతు వచ్చింది. బాలలక్ష్మి కొంగు పట్టుకుని నా వెనక రెండడుగుల దూరంలో ఉంది. కోడెను కట్టేసి, "ఓంప్రకాశన్న చెప్పినోళ్లకే చెయ్యెత్తుతం రాజన్నా" అని అందరూ అన్నట్టే నేనూ అన్నాను.

లింగవ్వ దగ్గరికి వచ్చేసరికి కుమార్ తటపటాయించాడు. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది. "మరి నీ తరఫున ఎవలు పడ్తరు లింగవ్వా?"

"నా తరఫున నేనే ఉన్న గదరా" అని పగ్గం లాక్కుంది. తిరిగి వచ్చి గట్టిగా మొక్కింది.

తిరుగు తోవలో బండిలో ఆమె ఆడవాళ్ల వైపు తిరిగి అంది: "మీ తరఫున మొగోళ్లు మొక్కిండ్రు. నేనొక్కదాన్నే నా నోటితోని మొక్కిన. ఇగ మీరు తప్పినా దేవుడు మిమ్మల్నేమనడు, నన్నంటడు." అందరూ నవ్వారు. బాలలక్ష్మి నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమె ఏదన్నా తేల్చుకునేటప్పుడు బొటనవేలితో చూపుడువేలి గోరు రుద్దుతుంది. కరీంనగర్ దాకా రుద్దుతూనే ఉంది.

గదిలోకి రాగానే అంది: "లింగవ్వ నవ్వులాటకు అన్నది గని, నిజమే. మొక్కింది నువ్వు. నేను మొక్కలే."

"ఇద్దరి తరఫున మొక్కిన."

"నన్నడిగి మొక్కినవా?"

నేను మంచం అంచున కూర్చున్నాను. "రాజన్నకు మాటిచ్చిన బాలలక్ష్మీ."

"ఇచ్చినవు గద. నీ చెయ్యి నువ్వు ఎత్తుకో."

"నాకాడ చెయ్యి లేదు గద."

"గా సంగతి ఓంప్రకాశన్నకు తెల్వదా?"

కోపంగా అనలేదు. గుళ్లో తెచ్చిన ప్రసాదం పొట్లం విప్పుతూ అంది. గుడి ముందు చెప్పిన మాట నా మీద ఉంది, దాన్ని నిలబెట్టే చెయ్యి ఆమె దగ్గర ఉంది.

"నీకేం గావాలె?" అని అడిగాను.

ఆమె పొట్లం పక్కన పెట్టింది. "పోయినసారి గూడ అధ్యక్షురాలు ఆడామెనే. మా సంఘపోళ్లం బోరింగు గురించి పోతె, 'ఆయననడుగుండ్రి' అన్నది. ఆయననడిగితె 'రేపు రాండ్రి' అన్నడు. గా రేపు ఇంక రాలే. సంఘపోళ్లు నన్ను నిలబెట్టింది మల్ల గదే ఇనడానికా?"

"అయితె?"

"పద్మలత నన్నడగాలె. ఆమె నోటితోని. ఓంప్రకాశన్న గాదు, నువ్వు గాదు. కుర్చీ ఆమెకు గావాల్నా, ఆయనకు గావాల్నా నాకు తెల్వాలె. అడిగితె ఎత్తుత. అడగకుంటె ఊకుంట."

ఆ తర్వాత రోజుల్లో జరిగిందంతా ఈ ఒక్క మాట చుట్టే.

లింగవ్వ బీడీలు చేస్తుంది. పని బందు పెడితే కంపెనీ కార్డు పోతుందని చాట, తునికాకు, తంబాకు అన్నీ మూటగట్టి హోటలుకు తెచ్చుకుంది. గదిలో కాళ్లు చాపుకుని, చాట ఒళ్లో పెట్టుకుని చుడుతుంటే వాసన వరండా అంతా పాకింది. మందుల కంపెనీ వాళ్లు కింద ఫిర్యాదు చేశారు. నవ్యశ్రీ పైకి వచ్చింది. నానబెట్టిన ఆకు మూటను లింగవ్వకు అందించడానికి పోయి అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మా, రూముల పొగ తాగొద్దు."

"నేనెన్నడన్న తాగిన్నా బిడ్డా? చేస్తున్న."

నవ్యశ్రీకి నవ్వు ఆగలేదు. కాసేపు ఆలోచించి, దుప్పట్లు ఆరేసే డాబా చూపించింది. నీళ్ల ట్యాంకు నీడ ఉంది, గాలి ఉంది. ఆ సాయంత్రం నుంచి ఆడవాళ్లు నలుగురూ అక్కడే. తెల్ల దుప్పట్లు రెపరెపలాడుతుంటే వాటి మధ్య కూర్చుని లింగవ్వ చుట్టేది, మిగతావాళ్లు కత్తెరతో ఆకు కోసేవాళ్లు. ఓంప్రకాశ్ మనుషులు గేటు దగ్గర, మెట్ల దగ్గర మగవాళ్లను కాపలా కాసేవాళ్లు. డాబా మీదికి ఒక్కడూ రాలేదు. బీడీలు చేసుకుంటున్నరులే అన్నాడు కుమార్.

ఒకరోజు పద్మలత కూడా పైకి వచ్చింది. దుప్పటి పక్కన కాసేపు నిలబడి, ఎవరూ పిలవకుండానే కూర్చుని కత్తెర తీసుకుంది. నేను ట్యాంకు వెనక నీడలో చుట్ట కాలుస్తున్నాను. నేను ఉన్నానని వాళ్లకు తెలుసు. నేనుంటే ఎవరికీ అడ్డం అనిపించదు.

బాలలక్ష్మి ఆకు కోస్తూనే అడిగింది: "పద్మలతా, రేపు మేం బోరింగు గురించి వస్తె కుర్చీల నువ్వు కూసుంటవా, అన్న కూసుంటడా?"

పద్మలత కత్తెర ఆగింది. చేతిలోని ఆకు పక్కన పెట్టి అంది: "నా పుట్టినిల్లు పెన్‌గంగ అవతల అక్కా. మా ఇంట్ల మరాఠీ. నా తెలుగు సక్కగ రాదు. పెండ్లయిన కొత్తల నేను మాట్లాడితె మా అత్తగారింట్ల అందరు నవ్వినరు. అప్పటిసంది మాట్లాడుడు బందు జేసిన."

"నవ్వితె నవ్వనీ" అంది లింగవ్వ. "నాకు ముంగటి పండ్లు లెవ్వు. గెలిచినంక మాట్లాడితె ఊరంత నవ్వింది. నేను మాట్లాడుడు ఆపిన్నా?"

"నన్ను ఒక్క మాట అడుగు" అంది బాలలక్ష్మి. "నాకు నీ చెయ్యి గావాలె అను. సాలు."

పద్మలత నోరు తెరిచింది. కింద నుంచి ఓంప్రకాశ్ పిలిచాడు. "నకో అక్కా" అని తన మరాఠీలోనే వద్దంటూ లేచి, ఒళ్లో ఆకుముక్కలు దులుపుకుని దిగిపోయింది.

ఆ మాట ఎట్లా పాకిందో గాని మర్నాటికే ఓంప్రకాశ్‌కు తెలిసింది. ఆ రోజే వాన కూడా పడింది. మిరుగం కార్తె ఇంకా రాకముందే పడిన తొలివాన. మేం గదుల్లో ఉన్నాం. అద్దం అవతల చెట్లు ఊగుతున్నాయి, నీళ్లు ధారలు కడుతున్నాయి, చప్పుడు లేదు, వాసన లేదు. టీవీలో వాన చూసినట్టుంది. తట్టుకోలేక నేను మెట్లు దిగాను. కార్లు నిలిపే చోట అప్పటికే మిగతా ఇద్దరు సభ్యురాళ్ల మగవాళ్లు రేకుల కింద నిలబడి ముక్కులెగరేసి మట్టివాసన పీలుస్తున్నారు. "మా దిక్కు గూడ పడ్డదంటవా?" "పడితె ఇత్తనం వెయ్యాలె, మనమీడ పండుకున్నం."

ఓంప్రకాశ్ నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు.

"ఏంది నాగన్నా గీ లొల్లి? పద్మలత అడగాల్నట. నేనడుగుతున్న గద. నేనొకటి, ఆమె ఒకటా?"

నేను వాన చూస్తున్నాను.

"ఉపాధ్యక్ష పదవి మీ ఇంటామెకే ఇస్త. చెప్పు పో."

"చెప్పిన అన్నా. వద్దన్నది."

"నీ పెండ్లాం నీ మాట ఇనదా?"

రేకుల కింద ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఒకతను, "ఇంటే నాగన్న గిట్లెందుకుంటడు" అన్నాడు.

"రాజన్న ముంగట పగ్గం పట్టినవు" అన్నాడు ఓంప్రకాశ్. ఈసారి గొంతులో నవ్వు లేదు. "మాట పోతె నీకే మంచిగుండదు."

"నేనైతె పట్టిన" అన్నాను. "ఆమె పట్టలే. అన్నా, నువ్వు ఆడోళ్లకియ్యాల్సిన పగ్గం మాకిచ్చినవు."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను అంత పొడుగు మాట అనడం ఆయన ఎప్పుడూ వినలేదు. "ఒక్క మాట అడిగితె ఏం పోతదన్నా?" అని కూడా అన్నాను.

"ఏం పోతదా?" అన్నాడు. వాన వైపు తిరిగి, "మా ఇంట్ల ఆమె ఎవల్నీ ఏదీ అడగలే. నన్ను గూడ" అని లోపలికి పోయాడు. గర్వంగా అన్నాడో, మరెట్లా అన్నాడో నాకు అంతుచిక్కలేదు.

ఎన్నిక ముందటి రోజు మధ్యాహ్నం హోటలు ఖాళీ చేశాం. సంచులు కింద పెట్టుకుని బల్ల ముందు నిలబడితే నవ్యశ్రీ ఒక్కొక్కరినీ అడుగుతోంది. అడగడం ఆమె ఉద్యోగం. కానీ జవాబు వచ్చేదాకా కళ్లు తిప్పుకోదు. అది ఉద్యోగంలో ఉందో లేదో నాకు తెలియదు.

"బాలలక్ష్మి మేడం, మా హోటలు ఎట్లనిపించింది?"

బాలలక్ష్మి తొందరపడలేదు. "వాన సప్పుడు ఇనరాదు. ఇడ్లి చిన్నగున్నది. కని ఈడ అడుగుతరు బిడ్డా. గా అడుగుడే మంచిగున్నది."

"థ్యాంక్యూ మేడం. పద్మలత మేడం, మీకు?"

"అంత మంచిగనే ఉన్నదమ్మా" అన్నాడు ఓంప్రకాశ్.

నవ్యశ్రీ ఆయన వైపు తల ఊపి, మళ్లీ పద్మలత వైపే చూసింది. "మేడం?"

పద్మలత పెదవులు కదిలాయి. బయట కుమార్ హారను కొట్టాడు. ఓంప్రకాశ్ పెట్టె ఎత్తుకున్నాడు. అద్దాల తలుపు దాకా పోయి పద్మలత వెనక్కి తిరిగి చూసింది. నవ్యశ్రీ ఇంకా అట్లానే నిలబడి ఉంది.

ఆ రాత్రి మమ్మల్ని నిర్మల్‌లో ఓంప్రకాశ్ చుట్టాల ఇంట్లో ఉంచారు. పొద్దున్నే మండల ఆఫీసు ముందు దింపారు. పోలీసులు, జెండాలు, రెండు వైపుల జనం. అవతలి నలుగురు అప్పటికే లోపల ఉన్నారు. బాలలక్ష్మి మెట్లెక్కుతూ నా వైపు చూడలేదు. దారి పొడుగునా పద్మలత ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అది నేను చూస్తూనే ఉన్నాను.

ఓంప్రకాశ్ భార్య వెంట గుమ్మం దాటబోతే ఎన్నికల అధికారి ఆపాడు.

"మీరు సభ్యులా?"

"కాదు సార్. అధ్యక్షురాలి భర్తను."

"ఇంకా కాలేదు కదండీ. బయట ఉండండి."

మా మగవాళ్లం పక్కకు పోయి కిటికీ దగ్గర చేరాం. కిటికీ సగం కూలరు పెట్టి మూసేశారు. మిగతా సగం అద్దం. కూలరు మోతలో లోపలి మాట ఒక్కటీ వినపడదు. మనుషులు మాత్రం కనపడతారు. బల్ల చుట్టూ తొమ్మిది మంది.

అవతలి వాళ్ల అభ్యర్థికి ముందు అడిగినట్టున్నారు. నాలుగు చేతులు లేచాయి, దిగాయి. తర్వాత అధికారి పద్మలత వైపు చూపించాడు. లింగవ్వ చెయ్యి అందరికంటే ముందు లేచింది. మిగతా ఇద్దరివి లేచాయి. పద్మలత తన చెయ్యి తానే ఎత్తింది. అధికారి వేలితో లెక్కపెట్టి ఆగాడు. బాలలక్ష్మి రెండు చేతులూ బల్ల మీద ఉన్నాయి. బొటనవేలు గోరు మీద కదలడం లేదు.

ఓంప్రకాశ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. నేను కళ్లు మూసుకుని రాజన్నను తలుచుకున్నాను గాని ఏమి కోరాలో తెలియలేదు. తెరిచేసరికి పద్మలత చెయ్యి దించి ఉంది. లేచింది. కుర్చీ వెనక్కి జరిపి, బల్ల చుట్టూ నడిచి వచ్చి బాలలక్ష్మి ముందు నిలబడింది. అందరూ చూస్తున్నారు. అవతలి వైపు ఒకతను నవ్వుతున్నాడు. పద్మలత ఏదో అంది. చిన్న మాట. బాలలక్ష్మి తలెత్తి ఏదో అడిగింది. పద్మలత మళ్లీ చెప్పింది. ఈసారి పొడుగ్గా, మధ్యలో రెండుసార్లు తడుముకుంటూ, చేతులు కదిలిస్తూ. చెప్పడం అయ్యాక తన చోటికి పోలేదు. అక్కడే నిలబడింది.

బాలలక్ష్మి చెయ్యి లేచింది.

"ఏమన్నది?" అన్నాడు ఓంప్రకాశ్. "మా ఆమె ఏమన్నది?"

"ఇనరాలే అన్నా."

ఆయన కూలరును ఒక తన్ను తన్నాడు. అది మోగుతూనే ఉంది. జనం కేకలు వేస్తూ దండలు పట్టుకుని ఆయన మీద పడ్డారు. పద్మలత బయటికి వచ్చాక ఆయన మెడలో దండలతోనే ఆమె దగ్గరికి పోయి అదే అడిగాడు. "ఇంటికాడ చెప్త" అంది. చుట్టూ ఇంతమంది ఉండగా ఆయనకు ఇంకోసారి అడగడం చేతకాలేదు.

మా ఊరికి ఆటోలో వచ్చాం. వాన పడ్డ తొవ్వ మెత్తగా ఉంది. ఆటో మా బాట మలుపులో ఆగిపోతే దిగి నడిచాం. చెప్పులు చేత పట్టుకుని బాలలక్ష్మి ముందు, సంచి మోస్తూ నేను వెనక. చాలా దూరం పోయాక నేనే అడిగాను.

"ఏమడిగింది?"

"నాకు నీ చెయ్యి గావాలె అన్నది. ఎందుకు అన్న." ఆమె ఆగింది. "అక్కా, బోరింగు గురించి నువ్వొస్తె ఆయననడుగుమనను, నేనే ఇనుకుంట అన్నది. మల్ల, నువ్వు చెయ్యెత్తకున్నా మంచిదే, నేనైతే అడిగిన అన్నది. తెలుగు సగం, మరాఠి సగం. గా అవతలోడు నవ్విండు. ఆమె వాని దిక్కే జూడలే."

"గందుకే ఎత్తినవా?"

"అడిగితె ఎత్తుతనన్న గద."

అంతకంటే చెప్పలేదు. నా మొక్కు చెల్లింది. ఎవరి వల్ల చెల్లిందో తెలిశాక అది నా మొక్కులా అనిపించలేదు.

మర్నాడు మిరుగం. తెల్లవారేసరికి పక్క చేన్లలో ట్రాక్టర్లు దిగాయి. మేమిద్దరం మా చెల్క గట్టు మీద నిలబడ్డాం. పెండ్లయినప్పటినుంచి ఏ ఏడు ఏ విత్తనమో నేనే తేల్చేవాణ్ని, ఆమె ఒడిలో పోసుకుని వెనక నడుస్తూ వేసేది.

"ఈసారి గూడ పత్తే పెడదామా?" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

"అడుగుతున్నవా, చెప్తున్నవా?"

రెండూ ఒకటే అనుకుని ఇన్నేళ్లు మాట్లాడాను.

"అడుగుతున్న" అన్నాను.

ఆమె చెల్కలోకి దిగింది. వంగి పిడికెడు మన్ను తీసి పిసికి చూసింది. ఇంకొంచెం దూరం పోయి అక్కడా చూసింది. వాగు దిక్కున పల్లంలో నీళ్లు నిలిచిన చోట ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తోంది. పక్క చేను నుంచి, "నాగన్నా, ఇంక మొదలువెట్టలేదా?" అని ఎవరో కేక వేశారు.

"జర ఆగాలె" అన్నాను. గట్టు మీద కూర్చున్నాను.